సైరనుకు తలంటు, నాకు మేకు

నేను ఒక పిచికారీ పంపును. ఒళ్లంతా ఇత్తడి, భుజానికి తగిలించుకోవడానికి తోలు పట్టీ, కొసన సన్నటి ముక్కు. నిలవనీటి మీద కిరసనాయిలు చల్లి దోమపురుగుల్ని చంపడం నా వృత్తి. ప్రాయంలో ఉండగా నేనొక్కసారి చుయ్‌మన్నానంటే మా ఊరు చిప్పలరేవు దోమలన్నీ మూటాముల్లె సర్దుకుని సముద్రం మీదుగా రంగూన్ వెళ్లిపోయేవి. నమ్మకపోతే రంగూన్ వెళ్లి కనుక్కోండి.

నన్ను చేసింది మా ఊరి కంచరి అప్పలాచారి. బిందెలు కొట్టే చెయ్యి కదా, నా నడుము కూడా బిందెలాగే వచ్చింది. ఆడవాళ్లు చూసి నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, చూసేవారా లేదా! పంచాయతీ బోర్డువారు నన్ను దోమల సన్యాసికి అప్పగించారు. అతను నన్ను భుజాన వేసుకుని వీధిలోకొస్తే దేవుడి పల్లకీ వచ్చినట్టు జనం పక్కకు తప్పుకునేవారు. కిరసనాయిలు కంపుకు తప్పుకున్నారని కొందరంటారు. గిట్టనివాళ్లు అలాగే అంటారు.

అలాంటి రోజుల్లో వచ్చింది, ఆ సైరను.

విశాఖపట్నం మీద జపానువాడు బాంబులేసి వెళ్లిన వేసవి అది. మద్రాసు నుంచి రైల్లో, గడ్డి పరిచిన పెట్టెలో, కొత్త పెళ్లికూతురిలా దిగింది. చేత్తో తిప్పితే కూసే యంత్రం. బోర్డు సామాన్లు పెట్టే నా కొట్లోనే, సరిగ్గా నా ఎదురుగా, దానికి బల్ల వేశారు. నాకు మేకు మిగిలింది. బాంబుల హెచ్చరికలకు వార్డెనుగా నియమించిన పట్నాయక్ గారు వారం వారం దాని పళ్లచక్రాలకు కిరసనాయిలుతో తలంటు పోసేవారు. నా కిరసనాయిలు! బోర్డుకు వచ్చేదే ఒక్క డబ్బా, అది యుద్ధం పనులకు తప్ప ముట్టకూడదని ఆర్డరు. నా కడుపులో చుక్క నూనె లేదు గానీ, కడుపు మాత్రం భగ్గున మండేది.

పోనీ అది చేసిన ఘనకార్యం ఏమైనా ఉందా? మా ఊరి మీదికి ఒక్క విమానం రాలేదు. గద్ద ఎగిరితే కూసింది. మబ్బు ఉరిమితే కూసింది. దాని కూతకు గేదెలు పాలు ఎగదన్నాయి, చేపలు వల వెయ్యకుండానే ఒడ్డుకెక్కి లొంగిపోయాయి. జనమేమో కూసినప్పుడల్లా పరుగెత్తి, వీధుల్లో తవ్వించిన కందకాల్లో దూకేవారు. వానలకు వాటిలో మోకాటిలోతు నీరు చేరింది. పూడ్చకూడదట, అదీ ఆర్డరే. జనం తలలు వంచుకుని అందులో కూర్చోవడం, దోమలు బంతులు బంతులుగా దిగి భోంచెయ్యడం. దోమల్ని అంత మర్యాదగా విందుకు పిలిచిన యంత్రం లోకంలో మరొకటి ఉండదు.

చలిజ్వరాలు మొదలయ్యాయి. వాటి మందు కొయినా బిళ్ల, అదే క్వినైను. అది వచ్చే దేశం జపానువాడి చేతికి చిక్కింది, మిగిలిన బిళ్లలు సిపాయిలకు పోయాయి. మా వీధిలో బంగారమ్మ కొడుకు బర్మా సరిహద్దులో సిపాయి. అక్కడ రోజూ వరసలో నిలబెట్టి బిళ్ల మింగిస్తారట. చేదని వాడు నాలిక కింద దాచి ఉమ్మేస్తాడట. సెలవు మీద వచ్చిన తోటి సిపాయి ఒకడు ఈ మాట చెప్పి పగలబడి నవ్వాడు. బంగారమ్మ నవ్వలేదు. ఇంట్లో ఆమె కోడలు నీలయ్యమ్మ, గర్భిణి, ఉన్న బొంతలన్నీ కప్పినా గజగజ వణుకుతోంది. మందు లేదు. ఇంకోసారి జ్వరం తిరగబెడితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరన్నారు.

నేలతల్లిని తవ్వి గాయం చేశాం, అమ్మవారికి కోపం వచ్చిందని పెద్దలు తేల్చారు. అమ్మవారు చల్లబడాలంటే మావైపు ముర్రాటలు పోస్తారు, అంటే వేపమండలు వేసిన పసుపునీళ్ల కుండలు. గాయమైన చోటే పొయ్యాలన్నారు. వానలు వెనకబట్టి కందకాలు ఎండబోతుంటే, మంగళవారం మంగళవారం డప్పులు కొట్టి మరీ నింపారు! దోమలకు భోజనంతోపాటు మంగళస్నానాలూ అమరాయి.

సన్యాసి అడ్డం పడ్డాడు. “పిన్నీ, నీల్లు పొయ్యకండే. నీటిమీద నూనిపొర పడితే గానీ పురుగు సావదు.”

“నూని ఏదిరా, సచ్చినోడా? నీ పంపుని మేకుకి ఏలాడగట్టినావు. దండ కూడా ఎయ్యి, సరిపోద్ది!” అంది బంగారమ్మ.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయినా ఆమె అక్కడితో ఆగలేదు. నేరుగా కొట్లోకి వచ్చి పట్నాయక్ గారి ముందు నిలబడింది.

“బాబూ, మీ కూతలమ్మకి తలంటు పోస్తన్నారు. నా కోడలికి ఏటి పోస్తారు?”

“నన్నేం చెయ్యమంటావమ్మా? బాంబు పడితే ఊరే పోతుంది.”

“పడితే కదా బాబూ! జొరం పడిపోనాది.”

పట్నాయక్ గారు చక్రం తుడవడం ఆపారు. డబ్బా మాత్రం ఇవ్వలేదు. బంగారమ్మ గుమ్మం దాటబోతూ గిర్రున వెనక్కి తిరిగింది. “సీకటడితే ఇమానాలకి అగుపడతాదని దీపం ఎట్టొద్దన్నారు కదా? మరి మా బుడ్లల్లో నూని ఏటి సేత్తాం? తాగుతామా?”

తర్వాతి మంగళవారం డప్పులు మోగాయి. వేపమండలు, పసుపు రాసిన కుండలు, అన్నీ మామూలే. పట్నాయక్ గారు భక్తిగా దండం కూడా పెట్టారు. గాలి ఇటు మళ్లాక గానీ ఆయన ముక్కుకు తెలియలేదు, కుండల్లో ఉన్నది ఇంటింటి దీపం కిరసనాయిలని. అది చూసి ఒక పెద్దాయన నోరు తెరిస్తే, “అమ్మకి నీల్లతో జలుబు సేసీసుంటాది,” అని బంగారమ్మ మూయించేసింది. మేకు దిగొచ్చిన నా కడుపులోకి కుండ వెంట కుండ ఒంపారు. సన్యాసి పిడి లాగాడు. చుయ్! కందకం నీటిమీద ఇంద్రధనుస్సు పరుచుకుంది. పట్నాయక్ గారు అటు తిరిగి సముద్రం వంక చూస్తూ నిలబడ్డారు.

కొత్త జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. నీలయ్యమ్మ బతికింది. బిడ్డ మాత్రం నెలలు నిండకుండా పుట్టాడు. ఏడవలేదు. ఇల్లంతా చెవులు రిక్కించి కూర్చున్నా ఏడవలేదు. ఆ మధ్యాహ్నమే సైరను ఎవరి గాలిపటాన్నో చూసి ఊరు అదిరేలా కూసింది. దాని గొంతు మీద నాకు ఏడుపు లేని రోజు అదొక్కటే. ఆ గొంతులో కొంచెం వాడికి ఇచ్చి ఉండకూడదా అనిపించింది.

యుద్ధం అయిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు బెండతోటలకు పురుగుమందు కొట్టాను. పట్టీ తెగాక పాత సామాన్ల కొట్టుకు చేరాను. సైరనేమో పట్నం మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉందట. ‘యుద్ధకాలంలో ఊరి ప్రాణాలు కాపాడినది’ అని పలక కూడా పెట్టారట. కాపాడినదట! కూసినవాడికి పలక, కూయనివాడికి చిలుము. తనకు జ్వరం రాలేదని ఎవరైనా వచ్చి నాకు దండం పెడతారా?

ఈ మధ్య కొట్టువాడి రేడియోలో మళ్లీ ఎక్కడో యుద్ధమని చెబుతున్నారు. బేరాలకొచ్చినవాళ్లు ఎన్ని విమానాలు, ఎన్ని బాంబులు అని వాదించుకుంటూ ఆకాశం వంక చూస్తున్నారు. నా మూత ఊడిపోయి చాలాకాలమైంది. మొన్నటి వాన నా కడుపులోనే నిలిచింది. అయ్యలారా, ఒక్కసారి తలదించి ఇందులోకి చూడండి. పురుగులు కదులుతున్నాయి.