జానెడు దూరంలో రెండు మోతలు

పచ్చడి జాడీలో తడి చెంచా పెట్టాడని మా ఆయన రమాకాంత్‌తో పొద్దున్నే గొడవపడ్డాను. ఆయన తలెత్తలేదు. ఫోన్‌లో మెటల్ డిటెక్టర్‌కు, నేల మీద తిప్పే కొత్త కాయిల్ వెతుకుతున్నాడు.

“పాతది ఖరాబైంది. పెరట్ల జానెడు దూరంల రెండు చోట్ల మోగుతాంది. దినాం జాగ మారుతాంది.”

నాణెం పెట్టి చూస్తే కాయిల్ సరిగ్గానే మోగింది. కొన్నాళ్లుగా రోజూ టేపుతో కొలుస్తూనే ఉన్నాను. ఆ రెండు మోతలూ రోజుకో అడుగు వంటింటి గడప వైపు వస్తున్నాయి. మా ప్లాటు ఒకప్పుడు బొందలగడ్డ. ముత్తైదువలను మెట్టెలతోనే పూడ్చేవారట.

మధ్యాహ్నం అన్నం కలుపుతూ ఆయన అడిగాడు. “పెద్ద కాయిల్ లోతుకు పోతది, చిన్నది పైపైన చూస్తది. ఏది తెప్పియ్యాలె?”

“ఏదీ వద్దు. గడపకు ఇంక ఒక్క అడుగే ఉంది. రేపు ఆ మెట్టెల ముత్తైదువకు బొట్టు పెట్టి లోపలికి పిలుస్త,” అన్నాను.