సముద్రంలో ఎకరం

మునెయ్య తెల్లారగట్లే లేచి, పెళ్లాం చెంచమ్మకు గంజి తాగించి, తోటపల్లి గూడూరు రైతుల పొలాల్లో కూలికి పోయేవాడు. చెంచమ్మకు రెండేళ్లుగా క్షయ. దగ్గితే గుడ్డ ఎర్రబడేది.

మునెయ్యకూ ఒకప్పుడు ఎకరం మడి ఉండేది. తుఫానులో సముద్రం ముందుకొచ్చి దాన్ని కలిపేసుకుంది. అయినా ఎవరూ విత్తకుండానే ఏటా ఆ మడిలో రెండు నిలువుల నీళ్ల కింద మొలగొలుకుల వడ్లు పండుతూనే ఉన్నాయి. పైరు పాడవుతుందని మైపాడు పడవలవాళ్లు అక్కడ వల వేసేవాళ్లు కారు. మునిగి కోసేందుకు ఊపిరి చాలక మునెయ్య ఏనాడో దాని మీద ఆశ వదులుకున్నాడు.

క్షయ ఆసుపత్రిలో బీదలకు ఉచితంగా మంచమిస్తారనీ, సెంటు భూమి కూడా లేదని తాసిల్దారు సర్టిఫికెట్టు కావాలనీ నెల్లూరు డాక్టరు చెప్పినాడు. మునెయ్య అర్జీ పెట్టుకున్నాడు. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు పడవలో వచ్చి, నీళ్లలోకి తొంగిచూసి, పైరు పండిందని రాసుకుని పోయినాడు. అర్జీ కొట్టేసినారు.

కరణం పద్మనాభయ్య చెడ్డవాడు కాదు. లెక్కల్లో ఉన్నది ఉన్నట్టు రాయక తప్పదన్నాడు.

"ఆ భూమి నాకొద్దని రాసిస్తా సామీ."

"పైరుండగా చెల్లదు మునెయ్యా. కోత కోసి రా. అప్పుడు రాస్తాను."

మైపాడులో ఒక పడవ అడిగి తెచ్చుకుని మూడు రోజులు మునిగినాడు. మునిగినప్పుడల్లా పిడికెడు కంకులు. మూడోనాడు ముక్కులోంచి నెత్తురు కారుతుంటే ఒడ్డుకొచ్చినాడు. ఒడ్డున కూర్చుని చూస్తున్న చెంచమ్మ లేచొచ్చి అతని చేతిలో కొడవలి తీసుకుంది.

"ఊపిరందకుండా ఉండటం నాకు అలవాటే గదయ్యా. నేను కోస్తా, నువ్వు పడవలో వేసుకో."

వద్దని బతిమాలినాడు. ఆమె అప్పటికే చీర ఎగదోపుకుంది.

నీళ్ల కింద దగ్గు లేదు. కోసి కట్టిన వరి పన తరవాత పన పైకొచ్చింది. కాసేపు పైకొచ్చి కూర్చోమని మునెయ్య పిలిచినప్పుడల్లా ఇంకో పన తేలింది. పొద్దు వాలేసరికి ఆఖరి పన, దాంతో కొడవలీ వచ్చినాయి. చెంచమ్మ రాలేదు. చీకటి పడేదాకా మునిగి వెతికినాడు. సమంగా కోసిన మొదళ్లు తప్ప చేతికి ఏమీ తగల్లేదు.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి, మడి బీడని రాసుకున్నాడు. పద్మనాభయ్య అన్నమాట ప్రకారం మునెయ్య భూమి వదులుకున్నట్టు రాసినాడు. పది రోజులకు సర్టిఫికెట్టు వచ్చింది. పద్మనాభయ్య తలెత్తకుండా చదివి వినిపించినాడు. మునెయ్య భార్య చెంచమ్మ నిరుపేద, ఉచిత వైద్యానికి అర్హురాలు. కింద గుండ్రటి సీలు.

మునెయ్య ఆ కాగితం తీసుకుని నేరుగా సముద్రానికి పోయినాడు. మెడలోతు దాకా దిగి, అది తడవకుండా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, మడి వైపు తిరిగి నిలబడినాడు.