ఆఖరి స్టాపు దాటాక

నేను ఒక కొండబండిని. షోరూములో నా అద్దానికి అంటించిన కాగితం మీద ఎస్‌యూవీ అని రాసి ఉండేది గానీ, నన్ను మొదట కొనుక్కున్న సన్యాసినాయుడి భార్య పైడమ్మ ఆ మాటకి నోరు తిరగక ‘కొండబండి’ అంది. నాకు అదే నచ్చింది. ఇప్పుడు శృంగవరపుకోట శివార్లలో ఒక మెకానిక్కు షెడ్డు వెనక, చక్రాలు ఊడదీసిన ఒంటితో ఇటుకల మీద నిలబడి ఉన్నాను. వెనక సీటు మీద ఒక కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. నేను ఎక్కిన కొండల సంగతి మొదలుపెడితే చాలు, కళ్ళు మూసుకుంటుంది. అందుకని మీకు చెబుతున్నాను.

నేను పుట్టిన కర్మాగారంలో మమ్మల్ని పరీక్షించడానికి బురదగుంటలు తవ్వించారు, బండరాళ్ళు పరిపించారు. ఏర్లు దాటాలి, కొండలెక్కాలి అన్న పాఠం ఒంటి మీద రంగు ఆరకముందే ఎక్కింది మాకు. తీరా బజారుకొచ్చాక, నాతో పాటు లారీ దిగిన అన్నదమ్ముల్లో చాలామంది విశాఖపట్నంలో కూరగాయల సంచులు మోస్తూ, స్పీడు బ్రేకరు ఎక్కినందుకే మురిసిపోతూ బతికేశారు. మనిషికి కొండ ఎక్కడం కంటే, కావాలంటే ఎక్కగలనన్న ధీమా ముఖ్యమని నాకు అప్పుడే అర్థమయింది.

సన్యాసినాయుడు ఆ కోవ మనిషి కాదు. ఉద్యోగమంతా ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపాడు. సొంతానికి సైకిలు తప్ప మరో వాహనం ఎరగడు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, అన్నం తింటూ కూడా ఎడమచెయ్యి గేరు మార్చినట్టు ఆడించేవాడట. అలాంటి మనిషి నా దగ్గరకొచ్చాడు.

మొదటిరోజు ఆయన నా స్టీరింగు పట్టుకున్న తీరు ఇప్పటికీ గుర్తే. రెండు చేతులూ బార్లా చాపి, రోకలి పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు. మలుపు వచ్చిందంటే, వెనక పొడవాటి బస్సు ఉన్నట్టు రోడ్డుకి అటు చివరిదాకా పోయి తిప్పేవాడు. బెల్లం కొనడానికి బయల్దేరిన మేము బొడ్డవర జంక్షన్లో బస్సు స్టాపు కనబడగానే ఆగిపోయాం. ఆయన కాలే ఆపేసింది, ఆయన కాదు. గొడుగు పట్టుకున్న ఒక ముసలాయన తలుపు తీసుకుని వెనక కూర్చున్నాడు.

“అనంతగిరి ఎల్తాది గదా?” అన్నాడు.

“ఇది బస్సు కాదు తాతా, మా బండి,” అంది పైడమ్మ.

“మరి ఆపినారేటి?”

పైడమ్మ మొగుడి వైపు తిరిగింది. సన్యాసినాయుడు నవ్వాపుకుంటూ, “ఎక్కినోడిని దింపడం నా సేత కాదే. ఎల్దాం పద,” అన్నాడు. బెల్లం మాట మరిచి ఆ ముసలాయన్ని అనంతగిరిలో దింపి వచ్చాం.

ఆయన నన్నే ఎందుకు కొన్నాడో నాకు కొన్నాళ్ళకి గాని తెలియలేదు. ఆయన బస్సుకి ఆఖరి స్టాపు ఊటగెడ్డ మలుపు. అక్కడితో తారు రోడ్డు ఆగిపోతుంది. గిరిజన ఆడవాళ్ళు గంపలు దింపుకుని ఎర్రమట్టి దారి పట్టి చెట్ల మధ్యలోకి వెళ్ళిపోయేవారు. ఆయన బస్సు తిప్పుకుని వచ్చేసేవాడు. ఆ దారి ఎక్కడికి పోతుందో ఒక్కసారీ చూడలేదు. అల్లం మూటతో రోజూ ఎక్కే బుద్రమ్మ దిగినప్పుడల్లా, “మా ఊరు పనసగరువు ఓపాలి రా, డ్రైవరు బాబూ,” అనేది. “వస్తాను, వస్తాను,” అనేవాడు. అలా అంటూనే రిటైరయిపోయాడు.

వానలు వెలిసిన ఒక ఉదయం ముగ్గురం ఊటగెడ్డ మలుపు దాటాం. తారు అయిపోయి నా చక్రాలు మట్టిలోకి దిగగానే ఆయన ఊపిరి బిగబట్టడం నాకు తెలిసింది. కొంతదూరం బాగానే సాగింది. దారికడ్డంగా పారే గెడ్డ దాటేచోట బురద. ఆయన బస్సుని తొక్కినట్టే ఆక్సిలరేటరు తొక్కాడు. నా వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇరుసుదాకా దిగబడ్డాయి. మళ్ళీ తొక్కాడు, ఇంకా దిగబడ్డాను. ఆయన మొహం చిన్నబోయింది.

“ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కనాడూ బండి కూరుకుపోనేదు,” అన్నాడు, ఎవరో నిందించినట్టు. “ఎనక్కి నడిసి ఎలిపోదాం. నాకింక డ్రైవింగు ఒద్దు.”

పైడమ్మ చీర దోపుకుని దిగబోయి, ఆగింది. “నడుం నొప్పి. నాను తొయ్యనేను. మీరు దిగి తొయ్యండి, నాను ఇక్కడ కూసుంటాను.”

“నీకేటొచ్చే?”

“ఆ సిన్న గేరు ఎప్పుడెయ్యాలో షోరూమాయన సెప్తంటే నాను ఇన్నాను. మీరు ‘నాకు తెల్సులే’ అని కిటికీలోంచి సూస్తన్నారు.”

ఆయన మోకాలిలోతు బురదలోకి దిగి నా వెనక భుజం ఆనించాడు. పైడమ్మ, పెద్ద గేరు పక్కనుండి నాలుగు చక్రాలకీ బలమిచ్చే ఆ చిన్న గేరు లాగి, మొదటి గేరు వేసి, క్లచ్చిని నూలుపోగు వదిలినట్టు వదిలింది. నా నాలుగు చక్రాలూ మొట్టమొదటిసారి ఒకే మాట మీదికొచ్చాయి. ఎక్కడా విదిలించకుండా, తొందరపడకుండా, నేలని పట్టుకుని పాకుతూ ఒడ్డెక్కాను. నేను దేనికోసం పుట్టానో ఆ క్షణాన తెలిసింది నాకు.

నడుందాకా బురదతో ఆయన వచ్చి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. “క్లచ్చి అంత నిదానంగా ఒదలడం ఎక్కడ నేర్సినావే?” అన్నాడు.

“పెళ్ళైనప్పట్నించీ కుట్టు మిషను తొక్కుతన్నాను గదా.”

పనసగరువులో బుద్రమ్మ ఉంది, ఇంకా గట్టిగానే ఉంది. గుమ్మంలోంచి వచ్చి, బురదకొట్టుకున్న సన్యాసినాయుణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

“ఓలమ్మో, డ్రైవరు బాబూ! ఇంత పొట్టోడివా? నువ్వు తాటిసెట్టంత మనిషివనుకున్నాను!”

ఇన్నేళ్ళూ ఆమె ఆయన్ని ఎత్తైన సీటు మీద తప్ప చూడలేదు. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, తరవాత నవ్వి నవ్వి, నా బంపరు మీద చతికిలబడిపోయాడు. పనసపండ్ల కాలం కాదు. కాల్చిన పనసగింజలు దోసిట్లో పోసింది బుద్రమ్మ.

ఆ తరవాత నేను ఇటుకలు మోశాను, ఎన్నికల జెండాలు మోశాను, పెళ్ళివారిని మోశాను. చేతులు మారినకొద్దీ పేర్లు మారాయి. అవన్నీ కలగాపులగంగా గుర్తున్నాయి. ఒక్క ఉదయం మాత్రం ఉన్నదున్నట్టుంది.

అది నేనింకా సన్యాసినాయుడి దగ్గర ఉన్నప్పటి చలికాలం. అప్పటికి పైడమ్మ లైసెన్సు తీసుకుంది. ఘాట్ రోడ్డు మీద ఆమె నడుపుతుంటే, ఆయన ఎడమ సీట్లో కూర్చుని లేని బ్రేకుని తొక్కుతూ వచ్చాడు. కొంతదూరం పోయాక కాలు ఆగింది. మెడ కిటికీవైపు తిరిగింది.

“ఆపు,” అన్నాడు.

ఏమైందోనని ఆమె కంగారుగా ఆపింది. ఆయన దిగి రోడ్డంచు పిట్టగోడ దగ్గరకి వెళ్ళాడు. కింద మంచు విడిపోతోంది. అడుగున ఎక్కడో రైలు పట్టాలు, వాటికి అటు పసుపుపచ్చగా పూసిన వలిసె చేలు.

“ఒలే, ఇదంతా ఎప్పట్నించీ ఉందే ఇక్కడ?”

“మీరు పుట్టకముందునించీ.”

“నాను సూడనేదే. నిలబడ్డోళ్ళూ కూసున్నోళ్ళూ, బస్సులో అందరూ సూసినారు. నాను రోడ్డే సూసినాను.”

పైడమ్మ తాళం తిప్పి నా ఇంజను ఆపేసి, వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.