బల్లిరాజు తుమ్ము

టైలరుగారు జీవితంలో రెండు వందల ఆరుసార్లు చచ్చిపోయారు. ఆ లెక్క ఆయనది కాదు, ఆయన భార్యది.

పూర్వం టీవీలో వారంవారం వచ్చే అంతరిక్ష సాహసాల సీరియల్లో బల్లిరాజు ఆయనే. నిజానికి ఆయన్ని పిలిచింది రబ్బరు వేషం కుట్టడానికి. కొలతలివ్వడానికి సమయానికి ఎవరూ దొరక్కపోతే, తన కొలతలతోనే కుట్టి పారేశారు. తీరా చూస్తే అది ఇంకెవరికీ పట్టలేదు. దాంతో నాలుగేళ్ళపాటు తోక ఊపే పని ఆయన నెత్తినే పడింది. ప్రతివారం చివర్లో కెప్టెన్ వెలుగు తుపాకీతో కాల్చేవాడు, ఈయన దభీమని పడిపోయేవారు, పైవారం ఏ సంజాయిషీ లేకుండా లేచి వచ్చేవారు. మధ్యలో రెండు వారాలు మాత్రం జ్వరం వచ్చి చావలేకపోయారు.

ఆయనకు ఒకటే వెలితి. అన్నేళ్ళలో ఒక్క మాట మాట్లాడింది లేదు. గర్జన కూడా తర్వాత ఎవరో అతికించిందే.

నలభై ఏళ్ళు గడిచాక ఒక ఉదయం, ఆయన దుకాణంలో ప్యాంటు అంచు మడుస్తుండగా ఫోన్ మోగింది. అవతల ఎవరో అమ్మాయి.

"అంకుల్, మాది ఆడియో పుస్తకాల స్టూడియో. మీ పాత సీరియల్ కథల్ని పుస్తకంలా చదివించి రికార్డు చేస్తున్నాం. అప్పటివాళ్ళలో మాకు దొరికింది మీరొక్కరే. కథంతా మీరే చదవాలి. సరేనా?"

నోట్లో మూడు గుండుసూదులుండటంతో ఆయన "ఊఁ" అన్నారు. ఆ అమ్మాయి దాన్ని అంగీకారంగా రాసుకుంది.

ఇక ఇంట్లో సాధన మొదలైంది. భోజనాల బల్ల దగ్గర ఆయన గొంతు పెంచి, "ఓ భూలోక వనితా! ఆ ఉప్పు ఇటు అందించు!" అనేవారు.

"మీ మోచేతి పక్కనే ఉంది. దానికోసం అంతరిక్షందాకా వెళ్ళక్కర్లేదు," అనేది భార్య.

రికార్డింగు రోజున ఆవిడా వెంట వెళ్ళింది, లేకపోతే ఆయన కళ్ళజోడు మర్చిపోతారని. స్టూడియో అంటే ఇరుకు గది, గోడలనిండా స్పాంజి, ముందొక అద్దం. అద్దం వెనక, ఆరోజు ఫోన్ చేసిన సౌండమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. టైలరుగారు సంచీలోంచి పాత రబ్బరు బల్లి తలకాయ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అది ఉంటేగాని తనకు భావం పలకదన్నారు.

"కెప్టెన్ తన విశాలమైన భుజాలు విదిలించాడు," అని చదివి ఆగారు. "పంతొమ్మిదిన్నర అంగుళాలు. నేనే కొలిచాను."

"అది కథలో లేదంకుల్."

"లేకపోతే మాత్రం? నిజమేగా!"

అసలు చిక్కు గర్జన దగ్గర వచ్చింది. పాత టేపు బూజు పట్టిపోయింది, కాబట్టి కొత్తగా గర్జించాలి. టైలరుగారు కళ్ళు మూసుకుని, నలభై ఏళ్ళ కోరికనంతా కూడగట్టుకుని నోరు తెరిచారు. పుక్కిలించినట్టు వచ్చింది. రెండోసారి తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది.

"బానే ఉందంకుల్. కాకపోతే... పాలు దొరకని పిల్లిలా ఉంది," అంది సౌండమ్మాయి, నవ్వు పెదాలకింద నొక్కిపెట్టి.

ఆయన ముఖం వాడిపోయింది. భార్య మంచినీళ్ళు పట్టుకుని లోపలికొచ్చింది. నీళ్ళిచ్చి, ఆయన ఒళ్ళోంచి తలకాయ తీసి, చూడలేక కొంగుతో ఒక్క దులుపు దులిపింది. నలభై ఏళ్ళ దుమ్ము గుప్పుమని లేచింది.

ఆవిడ తుమ్మింది.

అద్దం అదిరింది. సౌండమ్మాయి హెడ్‌ఫోన్లు పీకి అవతల పడేసి, గుండె పట్టుకుని లేచి నిలబడింది.

"అయ్యో, తప్పైపోయిందమ్మా," అంది ఆవిడ.

"తప్పేంటి ఆంటీ! అదే, మాకు కావాల్సిన గర్జన అదే! మళ్ళీ తుమ్మండి!"

టైలరుగారు మూతి ముడుచుకున్నారు. వేషం తనది, చావులు తనవి, గొంతు మాత్రం ఈవిడదా? కానీ చేసేదేముంది? పక్కన ఇంకో స్టూలు వేశారు. ఆవిడ చేతిరుమాలు కొస మెలిపెట్టి ముక్కులో పెట్టుకుంటూ కోపానికొకటి, ఆకలికొకటి తుమ్మసాగింది.

"ఇప్పుడు ప్రేమ తుమ్ము కావాలి ఆంటీ. కెప్టెన్ చెల్లెల్ని చూసి బల్లిరాజు మనసు పారేసుకుంటాడు."

ఆవిడ మొగుడివైపు తిరిగింది. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే!"

"నాకేం తెలుసే? ఆ తలకాయలోంచి నాకు గోడ తప్ప ఏం కనపడేది కాదు!"

అప్పుడొచ్చిన తుమ్ములో ప్రేమ మచ్చుకైనా లేదు. సౌండమ్మాయి దాన్ని యుద్ధం సీనుకు దాచింది.

చివరికి బల్లిరాజు చావు మిగిలింది. ఆవిడ రుమాలు మడిచి సంచీలో పెట్టేసింది.

"నేను తుమ్మను."

"అదొక్కటే ఉందాంటీ!"

"వారంవారం పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, 'మీవారు మళ్ళీ పోయారుగా' అని నవ్వేదమ్మా. నేనూ నవ్వేదాన్ని. కానీ టీవీ ముందు కూర్చున్నప్పుడు ఒక్కనాడూ నాకు నవ్వు రాలేదు. ఇక చాలు."

టైలరుగారు కళ్ళజోడు సర్దుకుని, కాగితం పక్కన పెట్టి, మైకు దగ్గరికి జరిగారు.

"కెప్టెన్ తుపాకీ పేల్చాడు. గురి తప్పింది. బల్లిరాజు తోక సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయాడు."

"అంకుల్! అలా రాయలేదు మేము!"

"లోపలున్నవాణ్ణి నేను, నాకు తెలీదా? ఆ కెప్టెన్‌కి దూరం ఆనేది కాదు, కళ్ళజోడేమో పెట్టుకోడు. ఒక్కసారీ సరిగ్గా గురి పెట్టలేదు. నేనే మర్యాదకి పడిపోయేవాణ్ణి."

సౌండమ్మాయి నవ్వి నవ్వి బల్లమీద వాలిపోయింది. కళ్ళు తుడుచుకుని యజమానికి ఫోన్ చేసింది. బల్లి బతికుంటే ఇంకో పది పుస్తకాలు చేసుకోవచ్చని ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

పుస్తకం వచ్చిన రోజు సాయంత్రం ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చుని విన్నారు. ఆవిడ కూరగాయలు తరుగుతూ తన తుమ్ము వచ్చినప్పుడల్లా బిడియంగా తల దించుకుంది. ఆయన తన గొంతు వచ్చినప్పుడల్లా ఫోను సౌండు పెంచారు. కథ అయిపోయాక ఆవిడ కత్తి కింద పెట్టింది.

"ఇంటికెళ్ళి ఏం చేశాడో చెప్పలేదేం?"

"ఎవరు?"

"బల్లిరాజు."

"భోంచేసి పడుకున్నాడు."

"చేతులు కడుక్కున్నాడా?"

"కడుక్కున్నాడులేవే," అన్నారు టైలరుగారు.