క్యాబేజీ వారం

"రేపటి నుంచి ఏడు రోజులు క్యాబేజీ ఒక్కటే," అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. తనకు కాదు, నాకు. తన పొట్ట సంగతి ఎత్తితే అది వాళ్ల వంశంలోనే ఉందట. "ఆఫీసు విందు పది రోజుల్లో ఉంది. పోయినసారి ఫొటోలో సగం నువ్వే ఉన్నావు."

పోయిన నెల గుడ్లు. అంతకు ముందు పళ్లరసం. ప్రతిసారీ మూడు కిలోలు తగ్గాను, నాలుగు పెరిగాను. తగ్గితే ఆయన ఫోన్లో చూసే డాక్టరు గొప్ప, పెరిగితే నా నోరు చెడ్డది. క్యాబేజీ తరుక్కోవడమూ నేనే, ఉడికించుకోవడమూ నేనే, ఆయనకూ అత్తగారికీ మామూలు వంట చేసి ఆ వాసన పీల్చుకుంటూ నిలబడడమూ నేనే.

నేను టైలర్ని. వీధి గదిలో మిషను. ఇలాంటి తిళ్లు మొదలుపెట్టిన వాళ్లు ముందు నా దగ్గరికే వస్తారు. "లూజైపోయింది అక్కా, బిగించవా," అంటారు, మొహం వెలిగిపోతూ. బిగిస్తాను. కుట్టు లోపల మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించను. ఆరు నెలలకు అదే మనిషి అదే బట్ట పట్టుకుని వస్తుంది, ఈసారి గొంతు తగ్గించి. కుట్టు విప్పి ఇస్తాను. ఇరవై ఏళ్లలో మళ్లీ విప్పమని రాని వాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లూ రోజూ తినేదే కాస్త తగ్గించి తిన్నవాళ్లు. ఈ మాట మా ఆయనతో అంటే, "నువ్వు టైలరువా, డాక్టరువా?" అన్నాడు.

నాలుగో రోజు మిషను మీద కళ్లు తిరిగాయి. సూది ఎడమచేతి వేలిలో దిగింది. అత్తగారు గుడ్డ చుట్టి, "రేపటి నుంచి ఆ క్యాబేజీలో కాస్త ఉప్పన్నా వేసుకోవే," అంది. ఆయన అన్నానికి వచ్చి కూర్చుని నా వేలు చూశాడు.

"ఇవాళ బరువు చూసుకున్నావా?"

ఇంకో కంచం తెచ్చుకుని వాళ్లిద్దరి మధ్య కూర్చున్నాను. గిన్నె ఇటు లాక్కుని అన్నం పెట్టుకున్నాను, కూర వేసుకున్నాను. ఆయన చెయ్యి కంచం మీదే ఆగిపోయింది.

"ఇంకా మూడు రోజులున్నాయిగా?"

"అవి మీరు చెయ్యండి," అన్నాను.

"ఊదుకుని తినవే, నోరు కాలుతుంది," అంది అత్తగారు.

కాలనే కాలింది. ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో నేను అన్నం వేడిగా తినడం అదే మొదలు.