ఆకు మాసిక దుప్పటి

ఇస్త్రీ చేసే రోలర్ నోటికి దుప్పటి అంచు వంకర పోకుండా అందించడంలో డెల్మాను మించినవాళ్ళు ఆ వృద్ధాశ్రమం లాండ్రీలో లేరు. రెండు మూలలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి వదిలితే, అవతలి పక్కన అప్పడంలా వచ్చిపడేది. పదిహేడేళ్ళుగా అదే పని. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు, ఆవిరికి కందిన ముఖం, మగపిల్లాడిలా పొట్టిగా కత్తిరించిన జుట్టు, గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఊళ్ళో అందరూ ఎరిగిన మనిషే గానీ, పనిగట్టుకుని తలుచుకునే మనిషి కాదు.

ఏడాదికి ఒక్క సాయంత్రం మాత్రం తలుచుకునేవారు. హాలోవీన్ నాడు పిల్లలు వేషాలు కట్టి మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగేవేళ, వీధి వీధంతా డెల్మా కుటుంబం కోసం చూసేది. నాలుగు తెల్ల దెయ్యాలు. రెండు పెద్దవి, రెండు చిన్నవి. ఆశ్రమంలో పారేసే చిరుగు దుప్పట్లే వాటి ఒళ్ళు. అదేమంత గొప్ప విద్య కాదు. కళ్ళకు రెండు కన్నాలు, కాళ్ళకు అడ్డం పడకుండా చీలమండ పైకి మడిచికుట్టిన అంచు. కన్నాలు పక్కకు జరిగి దెయ్యం గోడకు గుద్దుకోకుండా లోపల ఒక పాత టోపీ కుట్టేయడం మాత్రం డెల్మా సొంత తెలివి. దెయ్యం మాట్లాడకూడదన్న నియమమూ ఆమెదే. ఎవరేమడిగినా "ఊఁ" అనాలంతే, నోరు విప్పితే ఓడినట్టు. ఆమె దుప్పటికి రోలర్ కాల్చిన చోట ఆకులా కత్తిరించి వేసిన నీలం మాసిక ఒకటుండేది. అది చూసే వీధి ఆమెను పోల్చుకునేది.

ఆ ఏడు హాలోవీన్ మధ్యాహ్నం, లాండ్రీలో తోటి పనిమనిషి పాలెట్ నడుం పట్టుకుని వచ్చింది.

"డెల్మా, నడుం విరిగిపోతోందే. సాయంత్రం నా షిఫ్టు కూడా నువ్వే చూసుకోవూ?"

"ఇవాళా? పిల్లలు ఎదురు చూస్తారే."

"నీకు పుణ్యముంటుంది. ఒక్క ఏడు నువ్వు లేకపోతే దెయ్యాలేం చచ్చిపోవులే!"

"ఆల్రెడీ చచ్చినవేగా" అని డెల్మా నవ్వేసి ఒప్పుకుంది. ఆరేళ్ళ క్రితం పాలెట్‌ను ఈ పనిలో పెట్టించింది తనే. చేతులు కాలకుండా పట్టుకోవడం నేర్పిందీ తనే. ఆదివారాలు తమ బల్ల దగ్గరే పాలెట్ భోజనం. కాదనడానికి నోరెలా వస్తుంది?

ఇంటికి ఫోన్ చేస్తే వెండెల్, "సరేలే, పిల్లల్ని నేను తిప్పుకొస్తా, నువ్వు కంగారుపడకు" అన్నాడు. ఏటా ఆ దుప్పటి కప్పుకోవడానికే సణిగే మొగుడు ఇలా అనేసరికి డెల్మా మురిసిపోయింది. పిచ్చి మాలోకం!

ఆరు దాటాక బాయిలర్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. ఇక చేసేదేముందని అందర్నీ పంపేశారు. ఎనిమిదింటి దాకా పిల్లలు తిరుగుతూనే ఉంటారు. ఇంకా చివరి వరస ఇళ్ళయినా దొరుకుతాయి. ఆప్రాన్ కూడా విప్పకుండా పెద్ద పెద్ద అంగలేసుకుంటూ ఇల్లు చేరింది. ఇంట్లో ఎవరూ లేరు. మేకుకు ఉండాల్సిన తన దుప్పటీ లేదు. సరే, ఇలాగే పోదామని వీధిలోకి వచ్చింది.

పక్కింటి ముసలి గెర్టీ వాకిట్లో మిఠాయిల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అదేంటే, దుప్పటి అప్పుడే తీసేశావూ?"

"ఇప్పుడేగా వస్తున్నాను గెర్టీ."

"నాతోనా వేళాకోళం? ఇందాకేగా నలుగురూ వచ్చారు! నీ ఆకు మాసిక నాకు తెలీదూ? ఏమాటకామాటే, మీ ఆయన ఈసారి నీ చెయ్యి వదల్లేదే. కొత్త పెళ్ళికొడుకులా!"

డెల్మా తల తిప్పి వీధి వైపు చూసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తను వేసిన మాసికే పట్టించింది.

వీధి మలుపు నుంచి నాలుగు తెల్ల దెయ్యాలు వస్తున్నాయి. ఆకు మాసిక ఉన్న పెద్ద దెయ్యం డెల్మా కన్నా పొట్టిది. చీలమండ పైన ఉండాల్సిన అంచు దాని వెనక నేల మీద జీరాడుతోంది. తను దాని షిఫ్టు చేస్తుంటే అది తన దుప్పటిలో దూరిందన్నమాట.

"పాలెట్" అంది డెల్మా.

"ఊఁ" అంది దెయ్యం, అలవాటైపోయిన నోటితో.

ఆ దుప్పటి లాగేసి డెల్మా ఇంటి వాకిలి కమ్మీ మీద పడేసి, పాలెట్ గబగబా వెళ్ళి వెండెల్ కార్లో కూర్చుంది. నడుం నొప్పి ఏమైందో! వెండెల్ ముసుగు తీశాడు.

"చెబుదామనే అనుకున్నా డెల్మా."

"ఎప్పుడు? పిల్లల సంచులు నిండాకా?"

"ఇక నుంచి ఎలాగూ నేను పాలెట్ దగ్గరే ఉంటాను. పిల్లలు దానికి కాస్త అలవాటు పడతారని..."

అలవాటు! మొగుడు పోతే పోయాడు, తన చోట దానికి పిల్లల్నే అలవాటు చేస్తున్నాడా? డెల్మా చిన్న దెయ్యం ముందు కూలబడింది.

"టెస్సీ, నీకు తెలుసా?"

చిన్న దెయ్యం "ఊఁ" అంది. తర్వాత దుప్పటి లోపలి నుంచి ఏడుపు. "మాట్లాడితే ఓడినట్టని నువ్వేగా చెప్పావమ్మా! నాన్న కూడా అదే అన్నాడు." పెద్దది జూన్ ముసుగు తియ్యనేలేదు.

పెట్టె అప్పటికే కారు డిక్కీలో ఉంది. హారన్ కొట్టలేదు, తలుపు గట్టిగా వెయ్యలేదు. కారు మామూలుగా, పాల కోసం వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. డెల్మా ఇద్దరు పిల్లల్నీ దుప్పట్లతో సహా పొదువుకుని లోపలికి నడిచి, గుమ్మం దగ్గర తల వంచడం మరిచి, ఠప్పున నుదురు కొట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆమె ఎప్పట్లాగే ఆరింటికి పనికి బయల్దేరింది. కమ్మీ మీద దుప్పటి అలాగే ఉంది. అంచు జానెడు మేర బురద, మధ్యలో నీలం ఆకు, తిరగబడిన టోపీలో పసుపుపచ్చ తలపిన్ను. పిన్ను పెట్టుకునేంత జుట్టు డెల్మాకు ఎప్పుడూ లేదు.