అంగన్‌వాడీ ముందటి వేపలు

పోయిన ఎండాకాలం అంగన్‌వాడీ రేకుల కింద నా బిడ్డ శ్రీనిత సొమ్మసిల్లి పడిపోయింది. అప్పటికి మూడేళ్ల పిల్ల. ఆ రోజు నుంచి నాకు ఎండంటే భయం. అంగన్‌వాడీ ముందు నేను నాటిన ఆరు వేపమొక్కలకు రోజూ నీళ్లు మోశాను. ఈ ఎండలకల్లా అవి నా కంటే ఎత్తు పెరిగాయి. పదకొండింటికి గుమ్మం మీద నీడ పడుతోంది.

ఆ సంతోషంలో ఊరి మొక్కల నర్సరీలో పనిచేసే రోజారాణి అక్కకు ఫొటో పంపాను. మొక్కలు ఇచ్చింది తనే. "మస్తు పెంచినవ్ వినోదా" అంది. ఆమె కొడుకు కూడా ఇక్కడికే వస్తాడు.

మంగళవారం పొద్దున పిల్లను దింపడానికి పోతే చెట్లు లేవు. ఆరు గుంతలున్నాయి.

"రోజారాణి ట్రాక్టర్ తెచ్చి తవ్వించుకపోయింది. రోడ్డు మీది చెట్లు సూడ పెద్దసారు వస్తుండట" అంది ఆయా.

ధర్మపురి రోడ్డుకు ఉరికాను. అక్కడ పోయినేడు నర్సరీ వాళ్లు నాటినవన్నీ ఎండిపోయాయి. ఆ గుంతల్లో నా వేపలు ఆకులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాయి.

"గిదేందక్కా?" అన్నాను అక్కడే ఉన్న రోజారాణితో.

"మెల్లగ మాట్లాడె! ఊరు మొత్తంల బతికినయి నీయే. లేకుంటే నా నౌకరి పోతది. వానకాలం కొత్తయిస్త."

"అందాక ఎండ ఆగుతదా? నీ కొడుకు సుత గా రేకుల కిందనే కూసుంటడు గదా!"

జీపు దిగిన సారు, చెట్లు పెడితేనే భూమి వేడి తగ్గుతుందని చెప్పడం మొదలుపెట్టాడు. నేను ముందుకు పోయాను.

"సారూ, ఇవి అంగన్‌వాడీయి. పొద్దుగాల పెరుక్కొచ్చిండ్రు."

రోజారాణి మొఖం పాలిపోయింది. సారు నవ్వాడు.

"ఎక్కడుంటే ఏందమ్మా, చెట్టు చెట్టే కదా!"

"నువ్వు సుత ఓ చెంబెడు నీళ్లు పొయ్యరాదు, ఫొటోల పడుతవ్" అన్నాడు పక్కనున్న ఒకడు.

అందరూ నవ్వారు. రోజారాణి కూడా నవ్వింది. అది చూశాక వెనుదిరిగాను.

పిల్లలు పడతారని అంగన్‌వాడీ ముందు గుంతలు పూడ్చసాగాను. అయిదు పూడ్చాను. ఆరో దాంట్లో శ్రీనిత దిగి కూచుంది. ఏడాదిగా పోసిన నీళ్లకు అడుగున మన్ను ఇంకా పచ్చిగానే ఉంది.

"అవ్వా, గీడ సల్లగున్నది. పూడ్వకు."

పార కింద పెట్టి, పిల్ల నెత్తిన ఎండ పడకుండా కొంగు పట్టుకుని నిలబడ్డాను.